గాలి అంటుకి ఏది మేలు: స్ఫాగ్నమ్ నాచా, కొబ్బరి పొట్టా?

వానలు మొదలవగానే మా మిద్దె తోటలో దానిమ్మకి, నిమ్మకి గాలి అంట్లు కడతాను, అంటే కొమ్మ చెట్టుమీద ఉండగానే దానికి వేర్లు పుట్టిస్తాను. కొమ్మ చుట్టూ అంగుళం మేర బెరడు ఒలిచి, తడి నాచు పెట్టి, పాలిథిన్ కవరు చుట్టి రెండు చివర్లా బిగించి కట్టడమే. కానీ హైదరాబాద్‌లో "నాచు ఇవ్వండి" అంటే ప్రతిసారీ స్ఫాగ్నమే చేతికి రాదు. పోయినేడు ఒక నర్సరీలో ఇచ్చింది రంగు వేసిన మామూలు నాచు. నానబెడితే బకెట్లో నీళ్లన్నీ పచ్చగా అయ్యాయి. తడి నిలవక రెండు అంట్లు ఎండిపోయాయి, చాలా బాధేసింది.

అందుకే ఇప్పుడు కొనేముందు చిటికెడు అడిగి నీళ్లలో వేసి చూస్తాను. స్ఫాగ్నమ్ అయితే కాడ కొసన చిన్న కొమ్మలన్నీ దగ్గరగా చేరి, బంతిపువ్వు మొగ్గలాంటి తల ఒకటి కనిపిస్తుంది. కిందంతా కొమ్మలు గుత్తులుగా ఉంటాయి. ఒక్కో గుత్తిలో కొన్ని పక్కకి చాచుకుంటే, మిగతావి కాడని అంటిపెట్టుకుని కిందికి వాలతాయి. ఆకుకి నడి ఈనె ఉండదు. రంగుని మాత్రం నమ్మొద్దు: కెనడా, ఫిన్లాండ్ చిత్తడి నేలల్లో ఎర్రవీ, గోధుమరంగువీ, లేతాకుపచ్చవీ అన్నీ పెరుగుతాయి. అక్కడే సున్నం ఎక్కువున్న నీళ్లలో స్కార్పిడియం లాంటి నాచులుంటాయి. వాటికి ఆ తల ఉండదు, చాలావాటికి కొమ్మల కొసలు కొడవలిలా వంగి ఉంటాయి.

నీళ్లు పట్టి ఉంచడంలో స్ఫాగ్నమ్‌కి సాటి లేదు. ఆకులో చాలా కణాలు ప్రాణం లేని ఖాళీ గదులు, గోడలకి రంధ్రాలు. ఎండు బరువుకి 15-20 రెట్ల నీళ్లు తాగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో గాయాల కట్లకి కూడా వాడారు. ఆమ్లగుణం ఉండటంతో కుళ్లు తొందరగా రాదు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి నేను వాననీళ్లలోనే నానబెడతాను.

కొబ్బరి పొట్టు చవక, ఎక్కడైనా దొరుకుతుంది. ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు కడగాలి. అంటుకి వాడితే కవరు కట్టేలోపే సగం జారిపోతుంది, కాస్త కొబ్బరి పీచు కలిపితే నిలుస్తుంది.

నా మాట ఇదీ: అంటుకి స్ఫాగ్నమ్, కుండీలకి కొబ్బరి పొట్టు. కుండీల్లో పోసే పీట్ మాస్ అంటే ఆ నాచే వేల ఏళ్లు పేరుకుని మాగినది. ఆ పీట్ పొర ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. భూమ్మీద నేలలో 3 శాతమే ఉన్న ఆ పీట్ నేలలు ప్రపంచంలోని అడవుల్లో ఉన్న చెట్లన్నిటికంటే ఎక్కువ కార్బన్‌ని దాచుకున్నాయి. బంతి మొక్క కోసం దాన్ని తవ్వించడం నాకు మనసొప్పదు. అంటుకి పిడికెడు నాచు చాలు.

ఈసారి దానిమ్మకి మూడు కట్టాను. ఒక కవర్లో అప్పుడే తెల్లటి వేర్లు పాలిథిన్‌ని తాకుతున్నాయి.