రూపాయిలో పన్నెండణాల నొప్పి: జిల్లా ఆసుపత్రి పాలియేటివ్ వార్డు, మా అనుభవం

నయం కాని జబ్బున్నవాళ్ళకి నొప్పి, బాధ తగ్గించి చూసుకునే ఈ వార్డుకి ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒకటి ఎందుకు కోశానో కింద రాశాను. జిల్లా పేరు మాత్రం చెప్పను. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి, వాటికి అక్కడి సిస్టర్లు మాట పడటం నాకిష్టం లేదు.

మా బాపు తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి. బీడీ ఉంది, నమిలే పొగాకు అంబరూ ఉంది. ఎడమ దవడ లోపల పుండు లేస్తే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాం. ఏడు నెలలు బాగున్నాడు, మళ్ళీ లేచింది. ఈసారి వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోతే, "చేసేదేం లేదమ్మా, ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకోండి" అన్నారు. మంచిగా చూసుకోవడమంటే ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు. రెండు నెలలు ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసే సూదులతోనే నడిచింది. సూది వేసిన పూట కాస్త నయం, తెల్లారేసరికి మళ్ళీ అంతే. పడుకుంటే దవడ గుంజుతుందని బాపు రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చునేవాడు. తమ్ముడు భివండిలో మగ్గాల మీద ఉంటాడు, అమ్మకి చూపు ఆనదు. నేనే మా అత్తగారింటి నుంచి వచ్చి ఉన్నాను.

జిల్లా ఆసుపత్రిలో నొప్పుల వార్డు ఉందని మా ఆశా వర్కర్ చెప్పింది. పోయాం. గేటు దగ్గరాయనని "పాలియేటివ్ ఎక్కడన్నా" అంటే పిల్లల వార్డుకి పంపాడు. పాలిచ్చే తల్లుల వార్డనుకున్నాడట! బోర్డు ఉంది కానీ ఇంగ్లీషులో ఉంది. ఇప్పటికీ మా మండలంలో సగంమంది దాన్ని పాలవార్డనే అంటారు.

లోపల ఎనిమిది మంచాలు. చీటీ రాయగానే సిస్టర్ బాపు పక్కన కూర్చుని, "నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుంది తాతా?" అంది. బాపు నా మొహం చూశాడు. ఆమెకి అర్థమైంది. "పోనీ, రూపాయిలో ఎన్నణాలు?" అంది. "పన్నెండు" అన్నాడు వెంటనే. రెండేళ్ళలో ఎందరో డాక్టర్లు చూశారు, నొప్పి ఎంతని అడిగింది ఈమె ఒక్కతే.

మార్ఫిన్ అనే గట్టి నొప్పి మాత్రలు మొదలుపెట్టారు. మొదట సగం మాత్ర, తర్వాత డాక్టరు చూసి ఒకటి చేశారు. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. రాత్రి పదింటికి మాత్రం రెండు, అర్ధరాత్రి లేపి వేయనక్కర్లేకుండా. నొప్పి వచ్చాక వేసేది కాదు, రాకముందే టైముకి వేయాలి అని నాతో మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు. మధ్యలో లేస్తే వేయడానికి అదనపు డోసు ఒకటి చెప్పారు, అది వేసిన టైము కాగితం మీద రాయాలి. ఈ మాత్రకి మలబద్ధకం వస్తుంది కాబట్టి విరోచనం మందు కూడా, మాత్ర ఉన్నన్నాళ్ళూ తప్పదు. మొదటి రెండు రోజులు వికారం, మగత. నాకు టెన్షన్ పట్టుకుంది. మూడోనాడు పొద్దున సిస్టర్ అడిగితే బాపు నాలుగు వేళ్ళు చూపించాడు. ఆ రాత్రి పడుకుని నిద్రపోయాడు, నిజంగా వెల్లకిలా పడుకుని. ఊపిరి ఆడుతుందా లేదా అని నేనే లేచి లేచి చూశాను.

ఇక ఊళ్ళో మాటలు. "మత్తుమందు పెడుతున్నారంట" అని మా మేనత్త శోకం. సిస్టర్ ఫోనులోనే ఆమెకి చెప్పింది, నొప్పికి కొలిచి ఇచ్చే మందుకి మనిషి తాగుబోతులా బానిస కాడని. ఈ మాత్ర మామూలు మందుల షాపులో అడిగి చూడండి, దొంగని చూసినట్టు చూస్తారు. 1985 నాటి మత్తుమందుల చట్టం భయం అది. 2014లో చట్టం సవరించి, గుర్తింపున్న ఆసుపత్రులు ఉంచుకోవడం సులువు చేశారు. అందుకే ఇలాంటి వార్డుకే పోవాలి. డబ్బులు పైసా తీసుకోలేదు. ఆధార్, పాత రిపోర్టులు, ముఖ్యంగా ముక్క పరీక్ష (బయాప్సీ) కాగితం పట్టుకుపోండి.

నాకు మందుకన్నా ఎక్కువ పనికొచ్చింది పుండు కడగడం నేర్పడం. చెంప తూటు పడ్డాక వాసనకి బాపే దుప్పటి కప్పుకుని మొహం తిప్పుకునేవాడు, మనవళ్ళని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మరగబెట్టి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడగమన్నారు. వాళ్ళిచ్చిన మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి పైన చల్లమన్నారు. కట్టు కట్టే గాజ్ గుడ్డలు కొనక్కర్లేదు, పాత నూలు పంచె ఉతికి, ముక్కలు కోసి, కుక్కర్లో ఆవిరి పట్టమన్నారు. ఐదారు రోజుల్లో వాసన చాలా తగ్గింది. చిన్నోడు పోయి పక్కన కూర్చున్నాడు.

నాలుగు రోజులకి ఇంటికి పంపారు. తర్వాత బండే మా ఊరికి వచ్చేది, మీద "ఆలన" అని రాసి ఉంటుంది. డాక్టరు, ఇద్దరు సిస్టర్లు. తెలంగాణలో మొదట చేవెళ్ళలో పెట్టి జిల్లాలకి తెచ్చారు ఈ పద్ధతిని. ఒకసారి బాపు డాక్టరునే అడిగాడు, "నేను మళ్ళీ చెట్టెక్కుతానా సారూ?" అని. మేమంతా తల దించుకున్నాం. ఆయన అబద్ధం ఆడలేదు. "ఎక్కలేవు పెద్దాయనా. ఇంకేం కావాలో చెప్పు" అన్నాడు. కల్లు కావాలన్నాడు! మాత్రల మీద తాగకూడదు, నాలుక తడపండి చాలన్నారు. ఆ సాయంత్రమే బాపు తమ్ముణ్ణి రమ్మని ఫోను చేయించి, మోకు, గీత కత్తి ఎవరికి ఇవ్వాలో చెప్పాడు.

ఇక కోసిన మార్కు సంగతి. బండి పదిహేను రోజులకోసారి, గురువారం. ఒకసారి రిపేరని రానేలేదు. ఫోను సాయంత్రం ఐదు దాకే ఎత్తుతారు. నొప్పి ఐదింటి తర్వాతే కదా లేచేది! ఒక శనివారం రాత్రి పుండు నుంచి రక్తం కారితే, నల్లగుడ్డ అదిమి పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. ఎర్ర రంగు కనపడకుండా ముదురు గుడ్డ దగ్గర పెట్టుకోమని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి ఆ ధైర్యమన్నా మిగిలింది. ఇంకోసారి స్టాకు లేదని నాలుగు రోజులకే మాత్రలిచ్చారు, ముప్పై ఎనిమిది కిలోమీటర్లు మళ్ళీ పోయాను. కేరళలో ఊళ్ళోవాళ్ళే వలంటీర్లుగా చేరి ఇలాంటివి చూసుకుంటారట, 1993లో కోళికోడ్‌లో మొదలైందట. మా ఊళ్ళో గీత సంఘం ఉంది, మహిళా సంఘాలు ఉన్నాయి. ఎవరన్నా అడిగితే కదా.

మొదటే ఇక్కడికి వచ్చి ఉంటే ఆ రెండు నెలలు గోడకి ఆనుకుని కూర్చునేవాడు కాదు. వరంగల్‌లో ఆ "చేసేదేం లేదు" దగ్గర ఒక చీటీ ముక్క మీద ఈ వార్డు పేరు రాసిస్తే సరిపోయేది.

పద్నాలుగు రోజులకి 84 మాత్రలిచ్చేవారు. పెద్దకర్మ అయ్యాక మిగిలినవి తిరిగి ఇవ్వడానికి పోయాను. సిస్టర్ రెండుసార్లు లెక్కపెట్టి రిజిస్టర్లో 31 అని రాసి, సంబంధం అన్న గడిలో కూతురు అని రాసి, సంతకం పెట్టించుకుంది. పుస్తకం మూసి, "నువ్వు నిద్రపోతున్నావా?" అంది. రెండింటికి మెలకువ వస్తోందన్నాను. పక్కన కుర్చీ లాగి కూర్చోమంది.