‘ఎవరికీ దొరకని ఫోన్’ అమ్ముతున్నారు, డబ్బు పంపకండి

పాత పిక్సెల్‌ (గూగుల్ తయారుచేసే ఫోన్)లో గూగుల్ యాప్‌లు లేని ఆండ్రాయిడ్, అంటే గ్రాఫీన్ ఓఎస్ లాంటిది వేస్తారు. ఎవరి పేరు మీదో తీసిన సిమ్ పెడతారు. దాని మీద ‘లైఫ్‌టైమ్ వీపీఎన్’ (నెట్ వాడకాన్ని కప్పే సర్వీసు) ఒకటి. మొత్తం కలిపి ‘ట్రేస్ కాని ఫోన్’ అని మార్కెట్ ధర మీద గట్టిగా వేసుకుని అంటగడుతున్నారు. ఇందులో పనికొచ్చేది ఒక్క ఆండ్రాయిడే. అది ఉచితం.

ముందు సిమ్ సంగతి. అది ఎవరి ఆధార్ మీద ఉందో ఆ మనిషి కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో తన పేరిట ఉన్న నంబర్లన్నీ చూసుకోగలడు. ‘ఇది నాది కాదు’ అని నొక్కితే నంబరు కట్ అవుతుంది. మీ వాట్సాప్, బ్యాంకు ఓటీపీలు దాని మీదే పెట్టుకుని ఉంటే అన్నీ పోయినట్టే. పైగా మోసం చేసి, వేరేవాళ్ల పేరు చెప్పి సిమ్ సంపాదించడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ కింద నేరం: మూడేళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబరు, మార్చడం కూడా అదే సెక్షన్. ‘ఐఎంఈఐ మార్చి ఇస్తాం’ అన్నవాడితో ఇక మాటలు పెంచుకోవద్దు.

సిమ్ సక్రమమైనదే అయినా ఫోన్ అదృశ్యం కాదు. ఆన్ చేసి నెట్‌వర్క్ పట్టుకోగానే సిమ్‌లోని ఐఎంఎస్ఐ (సిమ్ గుర్తింపు నంబరు), హ్యాండ్‌సెట్ ఐఎంఈఐ రెండూ ఆపరేటర్‌కి తెలుస్తాయి. ఏ టవర్ పరిధిలో ఉన్నారో కూడా. లొకేషన్ ఆపితే ఆగేది యాప్‌లు మాత్రమే. జీపీఎస్ ఉపగ్రహాల సిగ్నల్ వింటుందే గానీ టవర్‌తో దానికి పనిలేదు. వీపీఎన్ ఇంటర్నెట్ డేటాను కప్పుతుంది, మామూలు కాల్స్‌నీ ఎస్ఎంఎస్‌లనీ కాదు. మన దేశంలో ఆపరేటర్లు ఈ రికార్డులు కనీసం రెండేళ్లు ఉంచాలి.

చాలామంది బోల్తాపడేది ఇంకోచోట. కొత్త ఫోన్ చేతికి రాగానే కాంటాక్టుల కోసమో, పనిచేస్తోందో లేదో చూద్దామనో పాత సిమ్ ఒక్కసారి అందులో పెడతారు. ఆ ఐఎంఈఐ మీ పేరుకి అతుక్కుపోయింది. ఇక ఎన్ని సిమ్‌లు మార్చినా ఒకటే. రెండు ఫోన్లూ జేబులో వేసుకుని తిరిగినా అంతే: రాత్రంతా ఒకే టవర్, పొద్దున ఒకే దారి. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో 15 లక్షల మంది కదలికలు చూస్తే, నాలుగంటే నాలుగు సమయం-చోటు జతలతో 95 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని తేలింది. పేరు లేకపోవడం అనేది ఇక్కడ పెద్ద అడ్డే కాదు.

రహస్యాన్నే సరుకుగా అమ్మే వ్యాపారం ఎలా ముగుస్తుందో యూరప్‌లో చూశారు. రహస్య సందేశాల కోసమని అమ్మిన ఎన్‌క్రోచాట్ ఫోన్ల సందేశాలను ఫ్రెంచ్ పోలీసులు చదివేశారని 2020లో బయటపడింది. అలాంటిదే ఆనమ్ అనే మరో సర్వీసు ఇంకా ఘోరం: 2021లో తెలిసింది, దాన్ని నడిపిందే ఎఫ్‌బీఐ అని. కొన్నవాళ్లలో చాలామంది నేరస్థులే, వాళ్ల మీద జాలి అక్కర్లేదు. కానీ ఫోన్ లోపల ఏముందో కొన్నవాడికి తెలియదన్నది మనకూ వర్తిస్తుంది.

అందుకే అమ్మేవాడు వేసిచ్చిన సాఫ్ట్‌వేర్ నమ్మొద్దు. ఆన్ చేసేటప్పుడు నారింజ రంగు హెచ్చరిక వస్తే బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవగానే ఓఎస్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) తెరిచే ఉంది, మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. గ్రాఫీన్ ఓఎస్ సరిగ్గా వేసి బూట్‌లోడర్ లాక్ చేస్తే పసుపు తెర వస్తుంది. కింద కనిపించే కీ హ్యాష్‌ని (ఓఎస్ ఎవరిదో చెప్పే అక్షరాలు, అంకెల వరుస) అధికారిక సైట్‌లో మీ మోడల్‌కి ఇచ్చిన దానితో పోల్చండి. పసుపు తెర ఒక్కటే చాలదు, సొంత కీతో వేసిన నకిలీకీ అదే రంగు వస్తుంది.

దీనికన్నా మామూలు పిక్సెల్ కొని మీరే వేసుకోవడం మేలు. సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాకింగ్ (బూట్‌లోడర్ తెరవనిచ్చే స్విచ్) ఆన్ చేసి, మంచి యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, క్రోమ్‌లో అధికారిక వెబ్ ఇన్‌స్టాలర్ చెప్పినట్టు చేయండి. ఫోన్‌లోని డేటా అంతా చెరిగిపోతుంది. చివర్లో బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేయడం మరవద్దు, ఎక్కువమంది వదిలేసేది ఆ మెట్టే. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన వెరైజన్ (అక్కడి మొబైల్ ఆపరేటర్) పిక్సెల్స్‌లో ఆ ఓఈఎం స్విచ్ బూడిద రంగులో ఉండి కదలదు, కాబట్టి డబ్బు ఇచ్చే ముందే చూసుకోండి. కొన్ని బ్యాంకు యాప్‌లు ఈ ఓఎస్ మీద మొరాయిస్తాయి. మీ బ్యాంకుది నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి.

సెకండ్ హ్యాండ్ ఏది కొన్నా *#06# నొక్కి వచ్చిన 15 అంకెలు పెట్టె మీదవాటితో సరిపోతున్నాయా చూడండి. తర్వాత ఇంగ్లిషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపండి. బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్ అని వచ్చినా, వేరే మోడల్ పేరు వచ్చినా వదిలేయండి.

ఇప్పటికే ఆ ప్యాకేజీ కొనేసినవాళ్లు ఆ సిమ్‌తో ఏ ఖాతా తెరిచినా నంబరు మార్చుకుని, సిమ్ తీసేసి, ఓఎస్ మొదటినుంచి మళ్లీ వేసుకోండి. డబ్బు కట్టినా ఫోన్ రాకపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.