గోడ మీద పెద్ద దోమ: బ్యాటా, స్ప్రేనా, గిన్నే అట్టముక్కా?

రాత్రిపూట లైటు దగ్గర గోడకు ఒక పెద్ద దోమ వేలాడుతుంటుంది. కాళ్ళు చాపితే అరచెయ్యంత. చూడగానే చెయ్యి బ్యాటు మీదికి పోతుంది. కానీ అంత పొడుగు కాళ్ళున్నది చాలావరకు దోమ కాదు, క్రేన్ ఫ్లై. కొంగకాళ్ళ లాంటి కాళ్ళు కాబట్టి ఇంగ్లీషులో ఆ పేరు పెట్టారు. ప్రపంచంలో వీటి జాతులు 15,000 పైచిలుకు. మనల్ని పొడిచి రక్తం తాగే సూది వీటికి లేదు, విషమూ లేదు. ఆడపురుగు పొట్ట చివర మొనదేలి ఉంటుంది. కొండిలా కనబడే ఆ మొన తడిమట్టిలో గుడ్లు దించడానికే గానీ కుట్టడానికి కాదు.

దాన్ని ఏం చెయ్యాలో ఆలోచించే ముందు ఒక్క నిమిషం దాని మూతి చూడండి. దగ్గరికి పోవడానికి జంకు ఉంటే ఫోన్ కెమెరాతో జూమ్ చేసి ఒక ఫోటో తీస్తే చాలు. దోమకైతే తల ముందు నుంచి సన్నటి పొడుగాటి సూది సూటిగా పొడుచుకొస్తుంది. క్రేన్ ఫ్లై మూతి పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. తర్వాత వీపు చూడండి. రెక్కల మొదళ్ళ మధ్య ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో ఒక గాడి కనబడితే అది క్రేన్ ఫ్లైయే. రెక్కల వెనక రెండు పక్కలా గుండుసూదుల్లాంటివి, చివర చిన్న బుడిపెతో, నిక్కి ఉంటాయి. ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా చూసేవి అవే. దోమకూ ఉంటాయి గానీ కంటికి ఆనవు. వాలినప్పుడు దోమ రెక్కల్ని వీపు మీద ఒకదానిమీదొకటి మడుచుకుంటుంది. క్రేన్ ఫ్లైలలో చాలా జాతులు విమానంలా రెండు పక్కలకూ చాచి ఉంచుతాయి.

సైజు చూసి మాత్రం తీర్పు చెప్పకండి, ఆ కొలత రెండు వైపులా మోసం చేస్తుంది. అమెరికాలో గాలినిప్పర్ అనే పెద్ద దోమ ఉంది, అది గట్టిగానే కుడుతుంది. ఏనుగు దోమ అని పిలిచే టాక్సోరింకైటిస్ అంతకన్నా పెద్దది. దాని సూది కిందికి కొక్కెంలా వంగి ఉంటుంది, రక్తం జోలికి పోదు, పైగా దాని పిల్లపురుగులు నీళ్ళలో మిగతా దోమల పిల్లల్ని తినేస్తాయి. చెరువుల పక్క ఇళ్ళలో లైటు చుట్టూ గుంపులుగా ముసిరేవి మరో రకం, కుట్టని మిడ్జ్‌లు. అవి వాలినప్పుడు ముందుకాళ్ళు పైకెత్తుతాయి, దోమలు ఎక్కువగా వెనకకాళ్ళు ఎత్తుతాయి.

సూది లేదని తేలిందనుకుందాం. ఇక నాలుగు దారులున్నాయి.

ఎలక్ట్రిక్ బ్యాటు దోమకు సరిపోయే పనిముట్టు, దీనికి కాదు. చిన్న దోమ తీగల మధ్య చిటపటమని కాలిపోతుంది. క్రేన్ ఫ్లై ఒంటి పొడవే రెండు మూడు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు, కాబట్టి జాలీలో ఇరుక్కుని మాడుతూ కమురు కంపు కొడుతుంది. కాళ్ళు ఊడి మంచం మీదా నేల మీదా పడతాయి. తర్వాత జాలీ శుభ్రం చెయ్యడం ఒక పని: స్విచ్ ఆపాక కూడా కాసేపు ఆగి, పొడి బ్రష్‌తోనే దులపాలి, వేలు పెట్టకూడదు. స్ప్రే కొట్టిన గదిలో వెంటనే బ్యాటు ఆడించడం మరీ ప్రమాదం. డబ్బాలోని గ్యాస్ మండే రకమైతే ఆ నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది.

ఇక స్ప్రే. చంపుతుంది, అందులో సందేహం లేదు. కాకపోతే రెక్కలొచ్చిన క్రేన్ ఫ్లై ఆయుష్షు ఎటూ కొద్ది రోజులే, మహా అయితే రెండు వారాలు. కొన్ని జాతులు ఆ నాలుగు రోజులూ ఏమీ తినవు కూడా. అలాంటి దానికోసం గది నిండా మందు పీల్చడం దండగ. ఇంట్లో అక్వేరియం ఉంటే అస్సలు వద్దు, ఈ స్ప్రేలలో వాడే పైరెత్రాయిడ్ మందులు చేపలకు చాలా విషం. వాటిలో ఒకటైన పెర్మెత్రిన్ పిల్లులకు కూడా పడదు.

మిగిలినవి రెండు: లైటు మార్చి బయటికి పంపడం, గిన్నెతో మూసి పట్టుకోవడం. నిజమైన పోటీ వీటి మధ్యే.

లైటు పద్ధతిలో పురుగును ముట్టుకునే పనే లేదు. ముందు ఫ్యాన్ ఆపండి, లేకపోతే రెక్క తగిలి ముక్కలవుతుంది. గదిలో లైట్లన్నీ తీసేసి, బయటి లైటు వేసి, అటువైపు కిటికీ ఒక్కటే తెరవండి. పది పదిహేను నిమిషాల్లో అది వెలుతురు వైపు వెళ్ళిపోవచ్చు. ఇందులో చిక్కు వేరే ఉంది. కుట్టే దోమల్లో చాలావరకు చీకటి పడ్డాకే తిరుగుతాయి. కుట్టని ఒక్కదాన్ని సాగనంపడానికి తెరిచిన కిటికీలోంచి కుట్టేవి పది లోపలికొస్తే ఏం లాభం? కాబట్టి దోమల కాలంలో రాత్రిపూట ఈ పద్ధతి వద్దు. తెల్లారేదాకా ఆగితే అది తనంతట తనే కిటికీ అద్దం మీదికి చేరుతుంది, అప్పుడు తలుపు తీస్తే సరి.

గోడ మీద కదలకుండా ఉన్నప్పుడు మాత్రం గిన్నే మేలు. ఇక్కడ అందరూ చేసే తప్పు టీ గ్లాసు వాడడం. దాని మూతి ఆరేడు సెంటీమీటర్లు, కాళ్ళేమో అంతకన్నా వెడల్పుగా పరుచుకుని ఉంటాయి, అంచు కింద నలిగి తెగిపోతాయి. 10 నుంచి 12 సెంటీమీటర్ల మూతి ఉన్న పారదర్శకమైన గిన్నెగానీ ప్లాస్టిక్ డబ్బాగానీ తీసుకోండి. మెల్లగా బోర్లించి, గోడకు ఆనించి, అది గోడ వదిలి డబ్బా అడుగువైపు ఎక్కేదాకా అర నిమిషం ఆగండి. అప్పుడు కింది అంచు నుంచి అట్టముక్క జొనపండి. పోస్టుకార్డు మందమైనా ఉండాలి. న్యూస్‌పేపరు వంగిపోయి సందు వదులుతుంది, ఆ సందులోంచి కాలు బయటికొస్తుంది. బయట గడ్డి మీదో మొక్క మీదో డబ్బా పక్కకు వాల్చి అట్ట తీసేస్తే తీరిగ్గా పోతుంది. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి ఓ కాలు ఊడి చేతికొస్తుంది. దాని కాళ్ళు మొదట్లోనే సులువుగా విడివడేలా ఉంటాయి, పక్షి పట్టుకుంటే కాలు వదిలి తప్పించుకోవడానికి. ఊడినది మళ్ళీ మొలవదు, కానీ మిగతా కాళ్ళతో బతికేస్తుంది. కాలు పట్టుకుని ఎత్తే ప్రయత్నం మాత్రం చెయ్యకండి.

వదిలేస్తే? ఏమీ కాదు. పొడి ఇంట్లో ఎక్కువకాలం బతకదు, ఈలోపు బల్లో సాలీడో చూసుకుంటుంది. దాని పిల్లపురుగులు ఎక్కువగా తడిమట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, నీళ్ళలో పెరుగుతాయి గానీ బట్టల్లో, అలమరల్లో పెరగవు. ఐరోపాలో కొన్ని జాతుల పిల్లపురుగులు పచ్చిక వేళ్ళు కొరికి తోటలు పాడుచేస్తాయి, కానీ ఆ గొడవ మట్టిలోది, గదిలోది కాదు. ఇంకో మాట: ఇది దోమల్ని తింటుందని కొందరు ఇంట్లో ఉంచుకుంటారు, అది వట్టి అపోహ.

రోజూ వస్తుంటే పట్టుకోవడం కన్నా రాకుండా చెయ్యడమే తేలిక. వాకిట్లో తెల్లటి నీలి వెలుగు బల్బు తీసి 2700 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) లేదా అంతకన్నా తక్కువ ఉన్న పసుపు ఎల్‌ఈడీ వేస్తే పురుగులు తగ్గుతాయి. పురుగుల కళ్ళకు అతినీలలోహిత కాంతి, నీలం వెలుగు ఎక్కువ ఆనతాయి. ఆ కారణానికే నీలం లైటుతో పురుగుల్ని కాల్చే యంత్రం కొనవద్దంటాను. అమెరికాలోని డెలావేర్‌లో ఇలాంటి యంత్రాల్లో చచ్చినవాటిని లెక్కపెట్టి 1996లో అచ్చేసిన అధ్యయనంలో మొత్తం 13,789 పురుగుల్లో కుట్టేవి 31 మాత్రమే తేలాయి. ఆ డబ్బుతో కిటికీలకు జాలీ బిగించుకోండి. కన్నం 1.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే దోమ కూడా రాదు, ఇంత పెద్ద క్రేన్ ఫ్లై సంగతి చెప్పనక్కర్లేదు. బిగించాక పగటిపూట లోపల చీకటి చేసి ఫ్రేము చుట్టూ చూడండి, వెలుగు గీత ఎక్కడ కనబడితే అక్కడ రబ్బరు పట్టీ అంటించాలి.