డుబియా బొద్దింకలు: బయటికి రావు, నిజమే

మా అమలాపురం వైపు బొద్దింక కనిపిస్తే చీపురు తిరగేస్తారు. నేను నా పెంపుడు గెక్కోకి (ఓ రకం బల్లి) మేతగా డుబియా అనే రకం బొద్దింకల్ని డబ్బులిచ్చి కొరియర్‌లో తెప్పించాను. పార్సిల్ విప్పగానే అమ్మ, "మనింట్లో ఉన్నవి సరిపోలేదేంట్రా?" అంది. ఇంట్లోవి ఏ మందు తిని తిరుగుతున్నాయో తెలీదు, గెక్కోకి పెట్టకూడదు.

నా దగ్గరున్నది ఒక్కటే, ఆఫ్రికన్ ఫ్యాట్‌టెయిల్ జాతి గెక్కో. మొదట్లో కీచురాళ్లు పెట్టేవాణ్ణి. రాత్రంతా గోల, పైగా చచ్చినవాటి కంపు. తర్వాత రెడ్ రన్నర్లు, చురుగ్గా పరిగెత్తే ఇంకో రకం బొద్దింకలు. గెక్కో వాటి వెంట పడుతుంటే చూడముచ్చటగానే ఉండేది. ఒకటి చేతిలోంచి జారి ఫ్రిజ్ కిందికి దూరింది. గుడ్ల తిత్తులు పెట్టే జాతి, మన వేడికి ఇంట్లోనే కాపురం పెట్టేయగలదు. ఆ రాత్రి ముగ్గురం కలిసి ఫ్రిజ్ జరిపాం.

డుబియాతో ఆ బెంగ లేదు. నున్నటి ప్లాస్టిక్ ఎక్కలేవు, మగవాటికి రెక్కలున్నా ఎగిరేది దాదాపు ఉండదు. 30 డిగ్రీల వేడి ఉంటే చక్కగా పిల్లల్ని పెడతాయి, మనకి ఏడాదిలో చాలా నెలలు హీటరే అక్కర్లేదు. మూతలేని టబ్బులోంచి ఒక్కటీ బయటికి రాలేదని రెండేళ్లు అందరికీ గొప్పగా చెప్పాను.

లోపలికి వచ్చేవాటి సంగతే ఆలోచించలేదు.

శ్రావణం ముసురులో ఓ పొద్దున చూస్తే టబ్బు అంచు నుంచి నేలదాకా ఎర్రచీమల బారు. అరటిపండు ముక్క ఒకటి లోపల మరిచిపోయాను. బొద్దింకలు దాక్కోడానికి లోపల పెట్టిన కోడిగుడ్ల అట్ట ఎత్తితే, అప్పుడే కుబుసం విడిచి తెల్లగా, మెత్తగా ఉన్న పిల్లల మీద చీమలు కుప్పగా ఉన్నాయి. పెద్ద బొద్దింకలు టబ్బు గోడని గీరుతూ, జారుతూ, మళ్లీ గీరుతూ అక్కడే చచ్చాయి. ఎక్కలేవని నేను మురిసిపోయిన గుణమే వాటి కొంప ముంచింది. చీమల మందు చల్లుదామంటే అది బొద్దింకలకీ మందే.

దారి చూపింది అమ్మే. పాలగిన్నెకి చేసినట్టు, నీళ్లు పోసిన బేసిన్‌లో పీట వేసి దానిమీద టబ్బు పెట్టించింది. రెండ్రోజులకోసారి నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు.

ఇంకో చిరాకు: డుబియాల్ని గెక్కో ముందు వదిలితే మట్టిలో దూరి కదలకుండా పడుకుంటాయి. కదలనిదాన్ని మావాడు పట్టించుకోడు. మూడు వారాలు తిండి మానేశాడనుకున్నాను. ఇప్పుడు కాల్షియం పొడిలో పొర్లించి లోతైన పింగాణీ గిన్నెలో వేస్తున్నా.

నాకు ఒక్క గెక్కో, అరుగు మీద చోటు, తిట్టినా సాయం చేసే అమ్మ ఉన్నారు కాబట్టి డుబియానే. చుట్టాలు తరచూ దిగే ఇల్లయితే నా మాట పట్టుకోకండి.