టంగ్‌స్టన్ షీట్ ఫిల్మ్ పేరుతో ఆయన అమ్మే పెట్టెలు కొనొద్దు

తిరుపతిలో పాత కెమెరాలు, ఫిల్మ్ అమ్మే ఆయన మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. ఆయన దగ్గర కొడాక్ కలర్ నెగటివ్ ఫిల్మ్ పోర్ట్రా 100టీ, 4×5 అంగుళాల విడి షీట్ల పెట్టె కొన్నాను. పసుపు ల్యాంపుల వెలుతురుకని చేసిన, ఎప్పుడో తయారీ ఆగిపోయిన టంగ్‌స్టన్ ఫిల్మ్ కదా, మామూలు దానికి రెట్టింపు ధర చెప్పాడు. పెట్టెకు కంపెనీ సీలు లేదు, నల్ల టేపు చుట్టి ఉంది. అడిగితే "స్టాక్ చూద్దామని డార్క్‌రూంలో తీసి మళ్లీ మూసినాను తమ్ముడూ" అంటూ కొండ వైపు చెయ్యెత్తి ఒట్టేశాడు.

మాధవమాలలో ఒక పెద్దాయన చెక్కుతున్న కొయ్య విగ్రహం కోసం కొన్నాను దాన్ని. ఆ షెడ్డులోకి ఎండ రాదు. ఆ ఫిల్మ్‌కి సరిపడే 3200 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) ల్యాంపులు పెట్టి, దాని వేగం ఐఎస్ఓ 100కి మీటర్ చూసి తీశాను. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ ఆయన ఉలి కదపకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఇంట్లో 38 డిగ్రీల దగ్గర సీ-41 అనే కలర్ నెగటివ్ రసాయనాల్లో కడిగి స్కాన్ చేస్తే కొయ్య, ఒళ్లు, గోడ అన్నీ నారింజ రంగే. నీలం పెంచితే నీడల నిండా మురికి గ్రెయిన్. 5500 కెల్విన్ పగటి వెలుతురుకు చేసిన ఫిల్మ్‌ని పసుపు దీపాల కింద వాడితే ఇలాగే అవుతుంది. ఆ దీపాల్లో నీలం తక్కువ, ఫిల్మ్‌లో నీలాన్ని పట్టే పొరకు దాదాపు రెండు స్టాపులు లోటు పడుతుంది, అంటే కావాల్సిన వెలుతురులో నాలుగో వంతే అందుతుంది. పొరలో పడనిది స్కాన్‌లో ఎక్కడి నుంచి వస్తుంది? అనుమానం వచ్చి పగటి వెలుతురుకు చేసిన (డేలైట్) నా పాత పోర్ట్రా 160 నెగటివ్ పక్కన పెట్టి చూశాను. అంచు మీద, చీకట్లో తడిమి ఏ ఫిల్మో పోల్చుకోడానికి కంపెనీ కత్తిరించే నాచ్‌ల ఆకారం, లోతు, ఎడం అచ్చం ఒకటే. టంగ్‌స్టన్ పెట్టెలో డేలైట్ షీట్లు పెట్టి అమ్మాడు!

నెగటివ్‌లు తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టాను. చేత్తో ముట్టుకోలేదు. ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా "ఎవురు చెప్పినారు నీకు అది వేరే ఫిల్మని? నెగటివే కదా, కంప్యూటర్లో సరిచేసుకో పో" అన్నాడు. నాచ్‌లు చూపించబోతే కవరును మోచేత్తో నా వైపు తోశాడు. ఒక షీటు జారి కింద పడి, బొమ్మ పడే ఎమల్షన్ వైపు గీరుకుపోయింది. పెద్దాయన ముఖం బాగా పడిన షీటు అది. నేను వంగి తీసుకుంటుంటే పక్కనున్న కస్టమర్‌తో "ఈ ఫిల్మోళ్లతో ఇదే గోల" అన్నాడు. ఒట్టేసిన చెయ్యి, తోసిన చెయ్యి ఒకటే.

డబ్బు సంగతి తర్వాత. ఆ విగ్రహం పూర్తయింది, చేయించుకున్నవాళ్లు తీసుకెళ్లిపోయారు కూడా. సగం చెక్కిన ఆ ముఖాన్ని మళ్లీ ఎక్కడ తీయను? రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అలాంటి నల్ల టేపు పెట్టెలు అద్దాల బీరువాలో ఇంకా ఉన్నాయి. సీలు లేనివి కొనకండి. ఇప్పటికే కొని ఉంటే వాడకముందే చీకట్లో ఒక షీటు అంచు తడిమి, మీకు తెలిసిన డేలైట్ షీటుతో పోల్చుకోండి. ల్యాంపుల కింద పనుంటే డేలైట్ ఫిల్మే తీసుకుని లెన్స్‌కి 80ఏ నీలం ఫిల్టర్ పెట్టండి. రెండు స్టాపులు పోతాయి, ఎక్స్‌పోజర్ పొడుగవుతుంది, కానీ రంగు దక్కుతుంది.