ఇంట్లోనే మార్చిన టర్బో, 46,000 కిలోమీటర్ల తర్వాత

2022 ఫిబ్రవరిలో మా పాత డీజిల్ కారుకు టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని తోసే యంత్రం, నేనే మార్చుకున్నాను. నేను మెకానిక్‌ని కాదు, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాది. ఆ రోజు మీటరు 1,31,000 దగ్గర ఉంది, ఈ వారం 1,77,000 దాటింది. వేసిన వారానికే రాస్తే ఎవరైనా బాగుందనే రాస్తారు. టర్బో సంగతి తేలాలంటే నాలుగు ఎండలు కాయాలి, రెండు ఘాట్లు ఎక్కాలి. అందుకే ఇన్నాళ్లు ఆగాను.

బండి 2012 మోడల్ హ్యాచ్‌బ్యాక్. ఇంజన్ ఫియట్ వాళ్ల 1248 సీసీ మల్టీజెట్. మన దేశంలో ఎన్నో కంపెనీల కార్లలో ఇదే ఉండేది కాబట్టి దీన్ని సరదాగా 'జాతీయ ఇంజన్' అనేవాళ్లు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త కార్లలో ఆగిపోయింది గానీ, సామాను ఇప్పటికీ దొరుకుతుంది. ఇందులో 75 హార్స్‌పవర్ ఇంజన్‌కి మామూలు వేస్ట్‌గేట్ టర్బో (ఎక్కువైన పొగను ఒక చిన్న తలుపు తెరిచి పక్కకు వదిలేది), 90 దానికి లోపల రెక్కలు కదిలే వేరియబుల్ టర్బో. నాది మొదటి రకం. ఇంటి దగ్గర ఈ పని కుదిరిందంటే కారణం అదే.

అసలు పోయింది ఎలాగంటే, సంక్రాంతి వెళ్లాక హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నాం. సూర్యాపేట దాటాక ఒక లారీని దాటబోతే బండికి పికప్ లేదు. బానెట్ కింద నుంచి అంబులెన్స్ సైరన్ లాంటి కూత. అద్దంలో చూస్తే వెనక అంతా నీలం పొగ. అక్కడే ఆపి టోయింగ్ బండికి ఫోన్ చేయాల్సింది. నేను మాత్రం 50 మీద మెల్లగా ఇంటిదాకా లాక్కొచ్చాను. అదెంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది. టర్బో సీలు పోతే ఇంజన్ ఆయిల్ గాలి గొట్టంలోకి దిగుతుంది. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగి, తాళం తీసేసినా ఆగకుండా, తనను తాను చంపుకునేదాకా రేసు అవుతూ పోవచ్చు. అలా మొదలైతే మాన్యువల్ గేరు బండిలో పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ వదిలేసి ఇంజన్‌ని ఆపేయాలి. డ్రైవరు సీట్లోంచి చేయగలిగింది అంతే. ఆ రోజు నాకు ఇదేమీ తెలియదు. ఇంటికొచ్చాక డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కింది గీత కంటే కిందకి పోయింది.

మర్నాడు గాలి గొట్టం విప్పి, టర్బో లోపలి చిన్న చక్రాన్ని వేళ్లతో పట్టుకుని ఊపి చూశాను. పక్కలకు కాస్త కదిలితే కంగారు పడక్కర్లేదు, ఆయిల్ లేనప్పుడు అది మామూలే. ముందుకూ వెనక్కూ మాత్రం కదిలినట్టు వేలికి తెలియకూడదు. నాది రెండువైపులా ఊగుతోంది, చక్రం రెక్కల అంచులు చుట్టూ ఉన్న డొప్పకు రాసుకుని అరిగిపోయాయి. అదృష్టం ఏమిటంటే రెక్కల్లో ఒక్కటి కూడా విరగలేదు. మీరు కూడా విప్పగానే ముందు రెక్కలు లెక్కపెట్టండి. ముక్క విరిగి ఇంజన్‌లోకి పోయి ఉంటే ఇక ఆలోచించాల్సింది టర్బో గురించి కాదు.

టర్బోని తిట్టుకోవడానికి నాకు ముఖం లేదు. నిమ్మకాయంత చక్రాలు రెండు ఒకే ఇరుసు మీద ఉంటాయి. ఒకదాన్ని ఇంజన్ పొగ తిప్పుతుంది, రెండోది గాలిని ఇంజన్‌లోకి తోస్తుంది. ఇంత చిన్న టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర. పదివేలకు మార్చాల్సిన ఆయిల్‌ని నేను పదిహేను వేల దాకా, ఒకసారి పద్దెనిమిది దాకా లాగాను. హైవే మీద నుంచి నేరుగా వచ్చి టిఫిన్ హోటల్ ముందు టక్కున ఆపేసేవాణ్ని. ఇంజన్ ఆగితే ఆయిల్ ప్రవాహం ఆగుతుంది, టర్బో మాత్రం ఇంకా కాలుతూనే ఉంటుంది. లోపల మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. విప్పాక ఆయిల్ వచ్చే సన్న పైపు చూస్తే సగానికి పైగా పూడిపోయింది, చాన్నాళ్లు మాడ్చిన బూరెల మూకుడు అడుగులాగా.

పూర్తి టర్బో వేస్తే 48 వేలు అవుతుందని ఒక వర్క్‌షాపులో చెప్పారు. పదేళ్ల బండికి అంత పెట్టాలనిపించలేదు. విజయవాడ ఆటోనగర్ మా ఇంటికి పావుగంట దూరం. అక్కడ కనుక్కుంటే, డొప్పలు బాగుంటే లోపలి కోర్ ఒక్కటి మార్చుకోవచ్చన్నారు. కోర్ అంటే ఇరుసు, రెండు చక్రాలు, బేరింగ్, సీళ్లు కలిసి బ్యాలెన్స్ చేసి వచ్చే ముక్క. తొమ్మిదిన్నర వేలు. డబ్బాలో బ్యాలెన్సింగ్ కాగితం ఉందా, కంప్రెసర్ (గాలిని తోసే చక్రం) నట్టు మీద గీకి బ్యాలెన్స్ చేసిన గుర్తు ఉందా అని చూసి తీసుకున్నాను. ఆ నట్టును మనం ముట్టుకోకూడదు. ఒకసారి వదులు చేశామంటే ఆ బ్యాలెన్స్ పోయినట్టే.

వేరియబుల్ టర్బో ఉన్నవాళ్లు ఇక్కడ ఆగండి. వాటిలో రెక్కలు ఎంత తెరుచుకోవాలో గాలి ప్రవాహాన్ని కొలిచే యంత్రం మీద పెట్టి సరిచేయాలి. కోర్ మార్చి స్క్రూ అంచనాగా తిప్పితే బండి పొగైనా కక్కుతుంది, పికప్ అయినా ఉండదు. అది షెడ్డులో చేసుకునే పని కాదు.

పని శనివారం పొద్దున మొదలైంది. ఒక్క రోజులో అయిపోతుందనుకున్నాను, వరుసగా రెండు శనాదివారాలు పట్టింది. తోడు మా బావమరిది. బ్యాటరీ తీసేశాం, జాకీతో లేపి స్టాండ్లు పెట్టాం. బండి కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మొద్దని వేరే చెప్పక్కర్లేదు కదా. ఎక్కడ చేయి పెట్టినా ఇరుకే. రేకు కవచం, సైలెన్సర్ పైపు, ఆయిల్ పైపులు ఇలా ఒక్కోటి విప్పుతూ ఫోన్‌లో ఫోటో తీసుకున్నాం. ఈ టర్బోకు కూలెంట్ పైపులు లేకపోవడం కలిసొచ్చింది.

అసలు కష్టం స్టడ్ల దగ్గర, అంటే టర్బోను పట్టి ఉంచే మరల కడ్డీల దగ్గర. పదేళ్లు ఎర్రగా కాలి చల్లారిన నట్లు అవి. ముందు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాను. రెండు వచ్చాయి. మూడోదానికి ఓపిక చాలక పానాకి ఇనుప పైపు తొడిగి బలమంతా వేశాను. టప్‌మని విరిగింది.

"బావా, ఇది మళ్లీ ఎక్కుతుందంటావా?" అన్నాడు మావాడు. నేను మాట్లాడలేదు.

ఆ స్టడ్లు ఉండే మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికొచ్చే గొట్టాల ముక్క) కూడా విప్పి, సంచిలో పెట్టుకుని స్కూటర్ మీద ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం బాబూ, పానాకి పైపు తొడిగావా?"

"తొడిగానండీ."

"తెలుస్తానే ఉంది."

విరిగిన స్టడ్డు మొన మీద ఒక నట్టు పెట్టి, దాని మధ్యలో వెల్డింగ్ చేసి, కాస్త చల్లారనిచ్చి పానాతో తిప్పాడు. ఆ వేడికి పట్టు వదిలి వెన్నలా బయటికొచ్చేసింది. నూటయాభై తీసుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన డబ్బుల్లో అన్నిటికంటే సార్థకమైనవి ఆ నూటయాభై.

కోర్ మార్చడం మాత్రం అనుకున్నంత భయంగా లేదు. విప్పే ముందే రెండు డొప్పలకూ మధ్య భాగానికీ కలిసేలా పంచ్‌తో గుర్తులు కొట్టుకున్నాను. అవి లేకుండా బిగిస్తే ఆయిల్ రంధ్రం ఒక దిక్కు, గాలి గొట్టం ఇంకో దిక్కు చూస్తాయి. వేస్ట్‌గేట్ కడ్డీ మీద ఉన్న నట్టును కదపలేదు. కొత్త ఆయిల్ పైపు, కొత్త రాగి వాషర్లు, కొత్త ప్యాకింగులు వేశాను. పాత పైపు కడిగి వాడుకోవచ్చని కొందరంటారు. పద్దెనిమిది వందలు మిగుల్చుకోవడానికి తొమ్మిదిన్నర వేల కోర్‌ని పణంగా పెట్టడం నాకు నచ్చలేదు. టర్బో తోసే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దింపి బోర్లిస్తే అరగ్లాసు పైగా ఆయిల్ కారింది. డీజిల్ పోసి మూడు నాలుగు సార్లు కడిగి, ఒక రోజంతా ఎండలో ఆరబెట్టాం. కడగడానికి వాడిన బేసిన్ గురించి మా ఇంట్లో ఇప్పటికీ ప్రస్తావన వస్తుంది. ఆ బేసిన్ దేనికి వాడేదో చూడకుండా తీసుకోవడం తప్పే.

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి చక్రాన్ని వేలితో తిప్పాలి. తర్వాత ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకేసి, ఆయిల్ దీపం ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టాలి. కనెక్టర్లు పీకినందుకు ఇంజన్ లైటు వెలుగుతుంది, స్కానర్ పెట్టి చెరిపేస్తే సరి. మొదటిసారి స్టార్ట్ అయ్యాక ఐదు నిమిషాలు యాక్సిలరేటర్ ముట్టుకోలేదు. అప్పుడు మా ఇద్దరి టెన్షన్ ఎంతంటే, ఫ్యాన్ తిరిగిన చప్పుడుకి కూడా ఉలిక్కిపడ్డాం.

పదో నిమిషంలో మళ్లీ నీలం పొగ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోర్ అమ్మినవాణ్ని మనసులో తిట్టుకున్నాను. ఆదివారం మళ్లీ విప్పితే తప్పు నాదే. టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే పైపు ప్యాకింగ్‌కి, కారకుండా ఉంటుందని, ఎర్ర సిలికాన్ దిట్టంగా పూశాను. బిగించినప్పుడు అది లోపలికి పిండుకుపోయి రంధ్రానికి అడ్డంగా వేలాడుతోంది. ఆయిల్ దిగే దారిలో ఒత్తిడి ఉండదు, దాని బరువుకి అది జారి సంపులోకి, అంటే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి, పోవాలి. దారి ఇరుకైతే లోపల నిండి సీళ్ల మీదుగా బయటికి తోసుకొస్తుంది. సిలికాన్ అంతా గీకేసి, ప్యాకింగ్ ఒక్కటే ఉత్తిగా పెట్టి బిగించాను. పైపులో మిగిలిన ఆయిల్ కాలిపోయేదాకా ఇంకో రోజు పొగ వచ్చింది, ఆ తర్వాత ఇప్పటివరకు రాలేదు. ఆ సిలికాన్ ముక్క ఊడి సంపులో పడి ఆయిల్ జల్లెడకు అడ్డం పడి ఉంటే ఏమయ్యేదో తలచుకోవాలనిపించదు.

ఇక మూడున్నరేళ్ల వాడకం. పికప్ వెంటనే తిరిగొచ్చింది. టర్బో పోయేముందు మైలేజీ లీటరుకు 17 ఇచ్చేది, ఇప్పుడు హైవే మీద 21 దగ్గర ఉంటోంది. అందులో కొంత ఇంటర్‌కూలర్ కడిగినందుకు, కొంత నేను నెమ్మదించినందుకు. అనంతగిరి ఘాట్ మీదుగా అరకు రెండుసార్లు, శ్రీశైలం ఒకసారి, నలుగురితో, ఏసీ వేసుకుని ఎక్కాం. ఎక్కడా తడబడలేదు. ఆయిల్ మార్పుల మధ్య పై నుంచి పోయాల్సిన అవసరం రాలేదు. ఏడాదికోసారి గాలి గొట్టం తీసి ఇరుసు ఊపి చూస్తాను, ముందువెనక కదలిక లేదు. గొట్టంలో సన్నగా నూనె చెమ్మ ఉంటుంది. అది ఇంజన్ బ్రీదర్ (లోపలి ఆవిరి బయటికొచ్చే గొట్టం) నుంచి వచ్చేది, దాన్ని చూసి కంగారు పడొద్దు.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఈ కోర్‌కి ఈల ఎక్కువ. రెండువేల ఆర్‌పీఎం దగ్గర పాతదానికంటే స్పష్టంగా వినిపిస్తుంది. మొదట్లో మళ్లీ పోతోందేమో అని రేడియో ఆపేసి వినేవాణ్ని. ఆ ఈల అప్పటినుంచీ పెరగలేదు, తగ్గలేదు. కిట్‌తో వచ్చిన సైలెన్సర్ వైపు ప్యాకింగ్ మాత్రం నాసిరకం. ఏడాదికే పొద్దున చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ చప్పుడు, పక్కన మసి మరక. కార్ల కంపెనీ అసలు ప్యాకింగ్ తెచ్చి వేశాక తగ్గింది. కోర్ ఎవరిదైనా కొనండి గానీ, ప్యాకింగులు మాత్రం అసలువే కొనమంటాను.

ఖర్చు కోర్, పైపు, ప్యాకింగులు, ఆయిల్, ఫిల్టర్, స్టడ్లు, వెల్డింగ్ కలిపి పదహారు వేలు. టార్క్ పానా, స్టాండ్లు కొన్నది ఇంకో నాలుగు వేలు. నా నాలుగు రోజులకు, బావమరిది నాలుగు రోజులకు వెల కట్టలేదు. మాకు కడుపునిండా బిర్యానీ పెట్టిన లెక్క కూడా ఇందులో లేదు. బండి మీద రోజూ ఆధారపడేవాళ్లు, ఇంట్లో రెండో బండి లేనివాళ్లు దీనికి దిగొద్దు. మధ్యలో స్టడ్డు విరిగితే వారం ఆగాల్సి వస్తుంది. నాకు స్కూటర్ ఉంది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు ఆయిల్ 7,500కే మారుస్తున్నాను. హైవే మీద నుంచి వచ్చి ఆపే ముందు ఒక నిమిషం ఇంజన్ అలాగే ఉంచుతాను. హోటల్ ముందు అందరూ దిగిపోయి లోపలికెళ్లి ఇడ్లీ చెప్పేస్తారు, నేను ఒక్కణ్నే బండిలో కూర్చుని గడియారం చూస్తుంటాను. మొన్న బానెట్ ఎత్తినప్పుడు ఆ సైలెన్సర్ వైపు ప్యాకింగ్ దగ్గర మళ్లీ సన్నటి మసి గీత కనిపించింది. చప్పుడైతే ఇంకా లేదు. వచ్చే నెల ఆయిల్ మార్చేటప్పుడు నట్లు ఒకసారి బిగించి చూడాలి, ఈసారి పైపు తొడగకుండా.