ఆఫీసు దాకా వచ్చిన బెదిరింపులు: ఒక న్యాయ సలహా సేవపై సమీక్ష

తెలుగు మాధ్యమం గురించి ఫేస్‌బుక్‌లో మొదలైన వాదన మూడో రోజుకల్లా మా ఆఫీసు రిసెప్షన్ ఫోనుకు చేరి, ‘అతన్ని ఉద్యోగంలోంచి తీసేయండి, లేదా గేటు దగ్గరే చూసుకుంటాం’ అనే బెదిరింపుగా మారడంతో, హైదరాబాదులో ఒక న్యాయవాదిని గంటసేపటి సంప్రదింపు కోసం కలిశాను.

ఆయన వెంటనే ఫిర్యాదు రాయించలేదు. ఫోను బల్లమీద పెట్టించి, ప్రతి వ్యాఖ్యకూ తేదీ, సమయం, ప్రొఫైల్ లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్లు మళ్లీ తీయించారు. నేను అంతకుముందు దాచుకున్నవాటిలో సగానికి పైభాగం కత్తిరించి ఉంది. ఫోనులోని ఆధారాలను కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం అవసరమవుతుంది కనుక ఫోనును ఫార్మాట్ చేయవద్దని గట్టిగా చెప్పారు.

ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద కేసు పెట్టమని స్నేహితులు సలహా ఇచ్చారని చెబితే, దానిని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టివేసిందని నవ్వారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ ప్రకారం, శరీరానికే కాక పరువుకు హాని చేస్తామని భయపెట్టడం కూడా నేరమేనని, రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చని, పేరు దాచుకొని బెదిరిస్తే మరో రెండేళ్ల వరకు కలవవచ్చని వివరించారు.

హెచ్‌ఆర్‌కు రాసిచ్చిన లేఖ మాత్రం నిరాశపరిచింది. రిసెప్షన్ కాల్ వివరాలు చెరిపేయవద్దనే కీలకమైన వాక్యాన్ని నేనే చేర్చుకోవలసి వచ్చింది. ఫీజుకు రసీదు కూడా రెండుసార్లు అడిగాకే ఇచ్చారు. ఐదుకు నాలుగు.